కష్టాల కథ చదివినవాళ్ళు ఏమంటారు?

కష్టాలు పడి ఎదిగినవారి ఆత్మకథ చదివి ముగించిన మనిషిని పుస్తకం ఎలా ఉందని అడిగితే, జవాబు తరచుగా తన ఇంటి సంగతితో మొదలవుతుంది. "మా నాన్న కూడా వారాలు చేసుకునే చదువుకున్నాడు" అంటాడొకాయన. "ఆవిడ పడ్డ బాధల ముందు మనవెంతలే" అంటుంది ఇంకొకావిడ. "ఎందుకో చదువుతున్నంతసేపూ కోపం వచ్చింది" అనేవారూ ఉంటారు. నవల గురించి అడిగితే పాత్రల గురించీ ముగింపు గురించీ మాట్లాడే పాఠకుడే, ఆత్మకథ దగ్గరికి వచ్చేసరికి తన బతుకును దాని పక్కన పెట్టి చూసుకుంటాడు. ఆ చూసుకోవడంలో ఊరట ఉంది, ధైర్యం ఉంది, చికాకు ఉంది, ఒక్కోసారి మోసపోయామన్న బాధ కూడా ఉంది. వీటిలో ఏది ఎవరికి ఎందుకు కలుగుతుందన్నదే ఈ ప్రసంగంలోని విషయం.

తెలుగు వచనంలో ఆత్మకథకు బాట వేసినవాడు కందుకూరి వీరేశలింగం. ఆయన స్వీయచరిత్రము మొదటి భాగం 1911లో, రెండో భాగం 1915లో వచ్చాయి. నాలుగేళ్ళ వయసులో తండ్రి పోవడం, జీవితమంతా వదలని దగ్గూ ఉబ్బసమూ, చుట్టూ తగాదాలూ అన్నీ ఉన్న జీవితం అది. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించాక ఊరు ఆ ఇంటిని దూరం పెట్టింది. వంటవాళ్ళు రాలేదు, నీళ్ళు మోసేవాళ్ళు మానేశారు. భార్య రాజ్యలక్ష్మమ్మ గోదావరికి వెళ్ళి బిందెతో నీళ్ళు తెచ్చుకుని, వచ్చినవాళ్ళందరికీ తానే వండి వడ్డించింది. వీరేశలింగం గురించి విన్నవాళ్ళలో చాలామందికి ఆయన పత్రికల పేర్లు గుర్తుండవు, ఎన్ని వివాహాలు జరిపించాడో గుర్తుండదు. ఆ నీళ్ళ బిందె మాత్రం గుర్తుంటుంది. ఎందుకంటే వెలి అనే మాట అర్థం కావాలంటే ఊహ కావాలి. పొద్దున్నే ఇంట్లో నీళ్ళు లేకపోవడం మాత్రం ఎవరికైనా అర్థమవుతుంది.

చిన్న వివరం పట్టుకుని పాఠకుడు కథలోకి దిగిపోవడాన్ని మనస్తత్వ శాస్త్రజ్ఞులు కూడా పరిశీలించారు. 2000లో మెలనీ గ్రీన్, తిమోతీ బ్రాక్ అనే అమెరికన్ పరిశోధకులు, కథలో లీనమైన పాఠకుల అభిప్రాయాలు కథ చెప్పే దిక్కుకు జరుగుతాయనీ, అలాంటి పాఠకులకు కథలోని అపస్వరాలు తక్కువగా కనిపిస్తాయనీ చూపించారు. ఈ రెండో సంగతి ముందు ముందు మళ్ళీ అక్కరకొస్తుంది. లీనమైన మనిషి తప్పులు వెతకడు. ఆత్మకథ రాసినవారి చేతిలో ఉన్న అసలు బలం అదే. ప్రమాదం కూడా అదే.

"వాళ్ళ ముందు మనవెంత" అనే మాట దగ్గర కాసేపు ఆగాలి. తనకన్నా ఎక్కువ కష్టంలో ఉన్నవారితో పోల్చుకున్నప్పుడు మనిషికి తన స్థితి కాస్త మెరుగ్గా తోస్తుందని థామస్ విల్స్ 1981లో సిద్ధాంతీకరించాడు. అంతకు చాలా ముందే, 1954లో, మనుషులు తమ విలువను ఎదుటివారితో పోల్చి తేల్చుకుంటారని లియోన్ ఫెస్టింగర్ రాశాడు. ఆసుపత్రి మంచం మీద పడుకుని పక్క మంచం వైపు చూసే చూపులో ఉన్నదీ ఇదే. ఈ ఊరటను తప్పు పట్టడానికి లేదు. కానీ అది ఎక్కువసేపు నిలవదు. పైగా రాసినవారి జీవితం చదివినవారి తలనొప్పికి మాత్రగా మారిపోతుంది. వాళ్ళు ఆకలితో ఉన్నారు కాబట్టి నాకు ఈ అన్నం రుచిగా ఉంది అన్న చోట పుస్తకం ఆగిపోతే, ఆకలి ఎందుకు వచ్చిందన్న ప్రశ్న దాకా పాఠకుడు వెళ్ళడు.

పైకి చూసి పోల్చుకోవడం ఇంకో రకం. దానికి తెలుగు నేల మీద బాగా తెలిసిన ఉదాహరణ అబ్దుల్ కలాం ఆత్మకథ. అరుణ్ తివారీతో కలిసి ఆయన ఇంగ్లీషులో రాసిన ఆ పుస్తకం 1999లో వచ్చింది. వాడ్రేవు చినవీరభద్రుడు దాన్ని 'ఒక విజేత ఆత్మకథ' పేరుతో తెలుగు చేశారు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో రామేశ్వరంలో రైలు ఆగడం మానేసింది. పత్రికల కట్టల్ని కదిలే రైల్లోంచి బయటికి విసిరేసేవారు. ఏజెంటుగా ఉన్న బంధువు షంసుద్దీన్‌కు సాయంగా ఆ కట్టల్ని పట్టుకోవడం పిల్లవాడు కలాం చేసిన మొదటి సంపాదన పనుల్లో ఒకటి. చింతగింజలకు ఉన్నట్టుండి గిరాకీ వస్తే వాటిని ఏరి కొట్లో అమ్మేవాడు. ఈ పేజీలు చదివిన ఊరి పిల్లవాడికి రాష్ట్రపతి భవన్ కన్నా ముందు చింతచెట్టు కనిపిస్తుంది. తానూ ఏరినవే కదా ఆ గింజలు.

అందరికీ ఒకే రకంగా ఉత్సాహం కలగదని 1997లో పెనెలోపీ లాక్‌వుడ్, జీవా కుండా చేసిన ప్రయోగాలు చెబుతున్నాయి. కెనడాలో అకౌంటింగ్ చదివే విద్యార్థులకు, అదే కోర్సు చివరి ఏడాదిలో అద్భుతంగా రాణించిన ఒక విద్యార్థి గురించి చదవమని ఇచ్చారు. మొదటి ఏడాది వాళ్ళకు ఉత్సాహం వచ్చింది. తామూ అలా కావడానికి ఇంకా సమయం ఉంది మరి. నాలుగో ఏడాది వాళ్ళకు ఆ ఉత్సాహం రాలేదు. వాళ్ళకు ఆ తలుపు అప్పటికే మూసుకుపోయింది. విజేతల కథలు పదో తరగతి కుర్రాడికి రెక్కలిచ్చి, నలభై ఏళ్ళ గుమాస్తాకు గుండెలో బరువు పెట్టడం ఈ లెక్కన వింతేమీ కాదు. ఆ గుమాస్తా బద్ధకస్తుడూ కాదు, అసూయాపరుడూ కాదు. పుస్తకం తన వయసుకు అందే దూరంలో లేదు, అంతే.

కలాం పుస్తకంలోనే అలాంటివారికి పనికొచ్చే అధ్యాయం ఒకటి ఉంది. వైమానిక దళంలో చేరాలన్నది ఆయన కోరిక. డెహ్రాడూన్‌లో ఎంపికకు వెళ్ళిన ఇరవై అయిదుగురిలో ఎనిమిది మందిని తీసుకున్నారు. కలాం తొమ్మిదోవాడు. అక్కడినుంచి ఆయన రిషీకేశ్ వెళ్ళి స్వామి శివానందను కలుసుకున్నాడు. గెలిచినవారి పుస్తకాల్లో ఓడిన పేజీని వెతుక్కుని చదివేవాళ్ళు కొందరుంటారు. పుస్తకాన్ని సరిగ్గా వాడుకునేది వాళ్ళేనేమో. కానీ బడుల్లో బహుమతిగా ఇచ్చే పుస్తకం మీద సాధారణంగా మాస్టారు రాసేది చివరి అధ్యాయం గురించే. పుస్తకాల షాపుల్లో కూడా ఇవి వ్యక్తిత్వ వికాసం అరలోకే చేరతాయి, అయిదు మెట్లూ ఏడు సూత్రాలూ చెప్పే పుస్తకాల పక్కన. ఆ అరలోంచి తీసినవాడు సూత్రాల కోసమే వెతుకుతాడు. ఆకలి, అప్పు, అవమానం ఆ చూపుకు మెట్లుగానే కనిపిస్తాయి, ఎక్కేసి మరిచిపోవడానికి.

మెట్లుగా మార్చడానికి ససేమిరా లొంగని పుస్తకాలు కొన్ని ఉన్నాయి. తెలుగులో వాటిలో ముందు చెప్పవలసింది కొండపల్లి కోటేశ్వరమ్మ 'నిర్జన వారధి'. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ దాన్ని 2012లో ప్రచురించింది. అప్పటికి ఆమె వయసు తొంభై దాటింది. 1918లో కృష్ణా జిల్లా పామర్రులో పుట్టిన ఆమెకు ఊహ తెలియని వయసులో పెళ్ళి చేశారు. పసితనంలోనే భర్త పోయాడు. పెద్దయ్యాక సంఘాన్ని ఎదిరించి కొండపల్లి సీతారామయ్యను పెళ్ళాడింది. కమ్యూనిస్టు పార్టీలో పాటలు పాడింది, నాటకాలు వేసింది, అజ్ఞాతవాసంలో ఊళ్ళు తిరిగింది. ఆ తర్వాత భర్త ఆమెను వదిలి వెళ్ళిపోయాడు. ముప్పై అయిదేళ్ళు దాటాక హైదరాబాదు ఆంధ్ర మహిళా సభలో చేరి మెట్రిక్ చదివింది. కాకినాడలో పాలిటెక్నిక్ ఆడపిల్లల హాస్టలులో ఉద్యోగం చేసుకుంటూ బతికింది. కొడుకును ఉద్యమం తీసుకుపోయింది. కూతురు కూడా కళ్ళముందే దాటిపోయింది. మనవరాళ్ళను తానే పెంచింది.

ఈ పుస్తకం దగ్గరికి పాఠకులు రకరకాల ఆసక్తులతో వచ్చారు. సీతారామయ్య 1980లో పీపుల్స్‌వార్ పార్టీని స్థాపించిన నాయకుడు. ఆయన గురించి ఏవో రహస్యాలు తెలుస్తాయని తెరిచినవారున్నారు. వాళ్ళకు దొరికింది మధ్యాహ్నం హాస్టలు పిల్లల భోజనాల లెక్క చూసుకునే ఒక ఒంటరి ఉద్యోగిని బతుకు. పార్టీల చరిత్ర కోసం చదివినవాళ్ళకు చరిత్ర వెనక వంటగదులు కనిపించాయి. భర్త వదిలేసిన ఆడవాళ్ళు చదివినప్పుడు జరిగేది వేరు. వాళ్ళకు అందులో తెలియనిదేమీ ఉండదు. అయినా చివరిదాకా చదువుతారు. తమకు జరిగింది ఇంకొకరు నోరు తెరిచి, అచ్చులో, పేరు పెట్టి చెప్పడమే వాళ్ళకు కావలసింది.

పుస్తకంలో గొంతు పెంచి తిట్టడం దాదాపుగా కనబడదు. దీని మీదా పాఠకుల్లో రెండు అభిప్రాయాలు. ఇంత జరిగాక కూడా ద్వేషం లేకుండా రాయగలగడం గొప్ప సంస్కారమని ఒక వర్గం. ఇంత జరిగితే కోపమెందుకు రాలేదు, ఆ తరం ఆడవాళ్ళకు కోపం కూడా నేర్పలేదా అని ఇంకో వర్గం, ముఖ్యంగా వయసులో చిన్నవాళ్ళు. రెండో ప్రశ్న మొదటి మెచ్చుకోలు కన్నా విలువైనది. పుస్తకంలో లేని కోపం చదివేవాళ్ళలో పుట్టిందంటే ఆ సంయమనం పనిచేసినట్టే లెక్క. 2015లో పుస్తకం ఇంగ్లీషులోకి వెళ్ళింది. కోటేశ్వరమ్మ నూరేళ్ళు నిండిన కొద్ది వారాలకు, 2018 సెప్టెంబరు 19న, విశాఖపట్నంలో కన్నుమూసింది. ఆమె జీవితం స్ఫూర్తిదాయకమని నివాళుల్లో అందరూ రాశారు. ఆ మాట అబద్ధం కాదు. కానీ ఆ స్ఫూర్తికి ఆమె కట్టిన వెల ఎంతో చూస్తే, ఇంకొకరు అదే దారిలో నడవాలని ఎవరూ కోరుకోరు.

చదివే మనిషి ఎవరన్నది దళితుల ఆత్మకథల దగ్గర మరింత స్పష్టంగా బయటపడుతుంది. గుర్రం జాషువా తన జీవితాన్ని 'నా కథ'గా పద్యాల్లో రాశాడు. వై.బి. సత్యనారాయణ తన తండ్రి గురించీ తాతల గురించీ రాసిన ఇంగ్లీషు పుస్తకం 2011లో వచ్చింది. పి. సత్యవతి దాన్ని 'మా నాయన బాలయ్య'గా తెలుగులోకి తెచ్చారు. కరీంనగర్ ప్రాంతంలోని వంగపల్లిని వదిలి రైల్వే పనుల్లోకి వెళ్ళిన మాదిగ కుటుంబం కథ అది. ఊళ్ళో వెట్టి, రైల్వేలో జీతం. ఊరి బయట వాడలో గుడిసె, రైల్వేలో చిన్నదైనా ఒక క్వార్టరు. బదిలీ అయిన ప్రతి స్టేషనులోనూ బడి ఎక్కడుందో బాలయ్య ముందు కనుక్కునేవాడు. ఆయన కొడుకుల్లో ప్రొఫెసర్లయినవారున్నారు. రైలు పట్టాలు ఒక కులానికి ఊరి నుంచి తప్పించుకునే దారి అయ్యాయన్న సంగతి చాలామంది పాఠకులకు ఈ పుస్తకంతోనే తెలిసింది.

ఇలాంటి పుస్తకం చదివిన అగ్రవర్ణ పాఠకుడి నోట తరచుగా వినిపించే మాట ఒకటుంది. "అవన్నీ ఆ రోజుల్లోనండీ, ఇప్పుడెక్కడున్నాయి?" ఆ మాటలో కొంత నమ్మకం, కొంత కోరిక, కొంత తప్పించుకోవడం కలిసి ఉంటాయి. ఇంకో పాఠకుడు సిగ్గుపడి పొగడ్తల్లోకి దిగుతాడు. ఎంత గొప్ప సహనం, ఎంత పట్టుదల అని ఆగకుండా మెచ్చుకుంటాడు. బాలయ్య పట్టుదలను మెచ్చుకోవడం తేలిక. ఆ పట్టుదల అవసరమయ్యేలా చేసిన ఊళ్ళో తన తాత ఏ వీధిలో ఉండేవాడని అడగడం తేలిక కాదు. దళిత పాఠకుడికి ఈ చిక్కు లేదు. అతని ప్రతిస్పందనలో మెచ్చుకోలు కన్నా సరిచూసుకోవడం ఎక్కువ. మా తాతదీ ఇదే, అయితే మావాళ్ళు వెళ్ళింది రైల్వేకి కాదు, మిలిటరీకి అంటాడు. లేదా, చదువుకోని ఆ ఇంటి ఆడపిల్లల సంగతేమిటని అడుగుతాడు. పైకొచ్చిన ఒక్కడి వెనక పైకి రాలేని పదిమంది ఉంటారని తెలిసినవాడు అడిగే ప్రశ్న అది.

కష్టం చదివినప్పుడు నవ్వు కూడా రావచ్చు. ముళ్ళపూడి వెంకటరమణ 'కోతికొమ్మచ్చి' అందుకు సాక్ష్యం. తండ్రి పోయాక తల్లితో మద్రాసు చేరి, ఇంటి కోసం ఆవిడ పడిన పాట్లు చూస్తూ పెరిగిన మనిషి ఆయన. అప్పుల మీద 'ఋణానందలహరి' రాసిన కలం, ఆత్మకథలోనూ ఆకలి రోజుల్ని నవ్విస్తూనే చెప్పింది. నవ్వి నవ్వి పేజీ తిప్పాక, ఇప్పుడు నవ్వింది దేనికి అని పాఠకుడికి ఉలికిపాటు కలుగుతుంది. ఏడిపించే పుస్తకం చదివినవాడు ఏడ్చి తేలికపడతాడు. నవ్వించినవాడు ఆ అవకాశం కూడా ఇవ్వడు.

రావూరి భరద్వాజ దారి ఇంకోటి. ఏడెనిమిది తరగతులతో చదువు ఆగిపోయి, పొలాల్లో, ఫ్యాక్టరీల్లో, ప్రెస్సుల్లో పనిచేసి, హైదరాబాదు ఆకాశవాణిలో ఉద్యోగిగా స్థిరపడి, 2012 సంవత్సరానికి జ్ఞానపీఠం అందుకున్న రచయిత ఆయన. చాలామందికి ఆ ఎదుగుదల కథే తెలుసు. భార్య కాంతం పోయాక ఆమెను తలుచుకుంటూ 'నాలోని నీవు' వంటి పుస్తకాలు రాసుకున్నాడు. వాటిలో ఎక్కడానికి మెట్లు లేవు, గెలవడానికి ఏమీ లేదు. భార్య పోయిన మగవాడు అంత విడిగా ఏడవడం చూసి ఇబ్బంది పడిన పాఠకులుంటారు. అదే ఇబ్బందిలో తమ దుఃఖానికి అనుమతి దొరికిందనుకున్నవాళ్ళూ ఉంటారు.

స్ఫూర్తి పేరు చెబితేనే విసుగు పుట్టే పాఠకులు ఎవరన్నది హెలెన్ కెల్లర్ కథ దగ్గర తెలుస్తుంది. పందొమ్మిది నెలల పసికందుగా చూపూ వినికిడీ పోగొట్టుకున్న ఆమె దగ్గరికి 1887లో ఆన్ సలివన్ టీచరుగా వచ్చింది. బోరింగు కింద ఒక చేతిని పట్టి, ఇంకో అరచేతిలో నీళ్ళు అన్న మాట అక్షరాలు రాసిన ఘట్టం 1903 నాటి ఆత్మకథలో ఉంది. ప్రపంచమంతా ఆ బోరింగు దగ్గరే ఆగిపోయింది. ఆమె తర్వాత సోషలిస్టు అయింది, ఆడవాళ్ళ ఓటు హక్కు కోసం పోరాడింది, కార్మికుల పక్షాన రాసింది. పాఠ్యపుస్తకాలకు అవి అక్కర్లేకపోయాయి. అంధురాలైన అమెరికన్ రచయిత్రి జార్జినా క్లీగ్, కెల్లర్‌కు ఉత్తరాలుగా ఒక పుస్తకమే రాసి 2006లో ప్రచురించింది. హెలెన్ కెల్లర్‌ను చూసి నేర్చుకో అని చిన్నప్పటి నుంచి పెద్దవాళ్ళు చేసిన సతాయింపు మీద కోపం అందులో ఉంది. ఆస్ట్రేలియాకు చెందిన స్టెల్లా యంగ్ చక్రాల కుర్చీలో తిరిగిన హాస్యనటి, పత్రికా రచయిత్రి. వికలాంగులు మంచం దిగి పని చేసుకున్నా సరే చప్పట్లు కొట్టే అలవాటును ఆమె 2014లో ఒక బహిరంగ ప్రసంగంలో ఎండగట్టింది. నడిచేవాళ్ళకు ఉత్సాహం కలిగించడం తమ ఉద్యోగం కాదన్నది ఆమె వాదన. భవనానికి ర్యాంపు లేకపోతే ఎంత చిరునవ్వు నవ్వినా మెట్లు ర్యాంపుగా మారవు మరి.

కథ జరిగిన ఊరివాళ్ళు చదివితే ఇంకో గొడవ. ఫ్రాంక్ మెకోర్ట్ న్యూయార్కు బడుల్లో ఏళ్ళ తరబడి ఇంగ్లీషు పాఠాలు చెప్పి, అరవై దాటాక ఐర్లండులోని లిమరిక్ పట్టణంలో గడిచిన తన బాల్యాన్ని రాశాడు. 1996లో వచ్చిన ఆ పుస్తకానికి మరుసటి ఏడాది పులిట్జర్ బహుమతి దక్కింది. తాగుడుకు జీతం తగలేసే తండ్రి, వరసగా పోయిన పసిపిల్లలు, వానకు తడిసే ఇల్లు, భిక్షమడిగే తల్లి. ప్రపంచం కన్నీళ్ళు పెట్టుకుంది. లిమరిక్‌లో కొందరు మాత్రం మండిపడ్డారు. ఊరు అంత దరిద్రంగా లేదనీ, తల్లిని బజారుకీడ్చాడనీ, అంతా పెంచి రాశాడనీ గొడవ చేశారు. పొగడ్తలూ తిట్లూ అలా నడుస్తుండగానే ఆ పుస్తకంలోని వీధులు చూడటానికి పర్యాటకులు రావడం మొదలైంది. ఒకే వీధిలో పెరిగినవాళ్ళు ఒకే పేదరికాన్ని గుర్తుంచుకోరు. అదీకాక, పేదరికాన్ని పరువుగా దాచుకున్న కుటుంబానికి ఎదురింటివాడు దాన్ని అచ్చు వేయడం రెండో దెబ్బలా తగులుతుంది. ఊరి పేరూ మనుషుల పేర్లూ ఉన్నవి ఉన్నట్టు పెట్టి రాసిన ఏ ఆత్మకథకైనా ఈ గొడవ తప్పదు.

పెంచి రాయడం వేరు, లేనిది రాయడం వేరు. జేమ్స్ ఫ్రే తన మత్తు వ్యసనం గురించి 2003లో ఇంగ్లీషులో వేసిన జ్ఞాపకాల పుస్తకాన్ని ఓప్రా విన్‌ఫ్రీ 2005లో తన టీవీ కార్యక్రమంలో సిఫారసు చేసింది. లక్షల ప్రతులు అమ్ముడుపోయాయి. 2006 జనవరిలో ఒక పరిశోధక వెబ్‌సైటు పోలీసు రికార్డులు తీసి చూస్తే, మూడు నెలల దాకా జైల్లో ఉన్నానని రాసుకున్న మనిషి నిజానికి ఉన్నది కొన్ని గంటలేనని తేలింది. ఓప్రా అతన్ని మళ్ళీ పిలిచి అందరి ముందూ నిలదీసింది. ప్రచురణకర్తలు పుస్తకం డబ్బు వెనక్కిస్తామన్నారు. పాఠకుల కోపం డబ్బు కోసం కాదు. ఆ పుస్తకం చదివి తామూ వ్యసనం మానుకోగలమని నమ్మినవాళ్ళున్నారు. వాళ్ళు నిలబడిన నేల కదిలింది. లీనమైన పాఠకుడికి అపస్వరాలు వినపడవన్న గ్రీన్, బ్రాక్‌ల మాట ఇక్కడ అక్షరాలా నిజమైంది.

ఇదే ప్రశ్న అలెక్స్ హేలీ 1976 నాటి పుస్తకానికీ ఎదురైంది. ఆఫ్రికా నుంచి బానిసగా పట్టుకొచ్చిన కుంటా కింటే మొదలు తన దాకా ఏడు తరాల కుటుంబ కథగా దాన్ని ఆయన చెప్పాడు. ఇంకో రచయిత నవలలోని భాగాలు అందులో చేరాయన్న కేసును 1978లో రాజీ చేసుకోవలసి వచ్చింది. వంశవృక్షం వివరాల మీద చరిత్రకారులు సందేహాలు లేవనెత్తారు. సహవాసి తెలుగు చేసిన 'ఏడు తరాలు'ను మాత్రం తెలుగు పాఠకులు ఈ సంగతులు తెలిశాక కూడా వదులుకోలేదు. ఫ్రే విషయంలో మోసమనిపించింది హేలీ విషయంలో ఎందుకనిపించలేదు? ఫ్రే తన ఒక్కడి సాక్ష్యం మీద నమ్మమన్నాడు. ఆ సాక్ష్యం పోతే ఏమీ మిగల్లేదు. హేలీ పుస్తకంలో ఒక పేరు తప్పయినా, ఓడల అడుగున గొలుసులతో కట్టి తెచ్చిన మనుషులు తప్పు కారు. తెలుగు పాఠకుడు, ముఖ్యంగా వెట్టి సంగతి ఇంట్లో విన్నవాడు, అందులో వెతుక్కున్నది ఒక మనిషి పుట్టిన తేదీని కాదు.

అచ్చు కాకముందే ఆత్మకథకు ఒక పాఠకుడు ఉంటాడు. చెప్పేవారు చెబుతుంటే రాసుకునే మనిషి. చిలకమర్తి లక్ష్మీనరసింహం చూపు పోయాక తన జీవితాన్ని చెప్పి రాయించుకున్నాడు. తెలంగాణ సాయుధ పోరాటంలో పనిచేసిన ఆడవాళ్ళ అనుభవాలను స్త్రీశక్తి సంఘటన రికార్డు చేసి, 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'గా వెలువరించింది. ఆ మాటలు చెప్పినవాళ్ళలో చాకలి ఐలమ్మ ఉంది, అడవుల్లో దాక్కుంటూ కన్నబిడ్డను వదులుకోవలసి వచ్చిన తల్లి ఉంది. అలాంటి చోట టేపు ముందు కూర్చున్న మనిషి ఏం చేయాలి? ఆపి కళ్ళు తుడుచుకోవాలా, తర్వాతేమైందని అడగాలా? ఏ మాట దగ్గర అడిగేవాళ్ళు ఆగితే చెప్పేవాళ్ళు అక్కడ ఇంకాస్త విప్పుతారు. ఏ మాటను దాటేస్తే అది పుస్తకంలో ఒక్క వాక్యంగా మిగిలిపోతుంది. వినేవారి ముఖంలో మెచ్చుకోలు ఎక్కువైతే చెప్పేవారు వీరగాథ వైపు జారతారు. జాలి ఎక్కువైతే మాటలు తగ్గించేస్తారు. అదే పోరాటంలో పనిచేసిన మల్లు స్వరాజ్యం కాత్యాయనికీ విమలకూ చెప్పగా 'నా మాటే తుపాకి తూటా' తయారైంది. 2019లో పుస్తకం వచ్చేనాటికి ఆమెకు ఎనభై ఏడో ఎనభై ఎనిమిదో. అన్నేళ్ళ తర్వాత కూడా ఆ పేజీల్లో సభలో మాట్లాడే గొంతే వినిపిస్తుందంటే, అందులో ఆమె జ్ఞాపకశక్తికి ఎంత పాత్ర ఉందో, ఎదురుగా కూర్చుని విన్న ఇద్దరి చెవులకూ అంత పాత్ర ఉంది.